మాధ్యమములలో ప్రాతినిధ్యము – అస్తిత్వము: మాండలికముల రసాధికార విచారము

ఒక జనసముదాయమును గూర్చి మాధ్యమములు ఏమి చూపుచున్నవి, ఎట్లు చూపుచున్నవి, అట్లు చూపబడిన రూపమునకును ఆ సముదాయము తన్ను తాను తలచుకొను తీరునకును గల సంబంధమేమి అను ప్రశ్నలను విచారించు శాస్త్రము గత నూరేండ్లలో క్రమముగా పెంపొందినది. దీనిని ప్రాతినిధ్య సిద్ధాంతమని వ్యవహరించుచున్నారు. ఇది పత్రికలను, రేడియోను, చలనచిత్రమును, టెలివిజన్‌ను గూర్చినది కావున సాహిత్య విద్యార్థికి పరాయిదని తోచవచ్చును. కాని దీనికి మూలమైనది భాషావిచారమే. పదమునకు అర్థమెట్లు కలుగుచున్నదను ప్రశ్ననుండియే ఇది పుట్టినది. ఆ ప్రశ్న మన శాస్త్రకారులకు క్రొత్తది కాదు.

ఈ వ్యాసమున ఆ సిద్ధాంతములలో ముఖ్యమైన వానిని సంగ్రహముగా వివరించి, తెలుగు చలనచిత్రములలో మాండలికములకు గల స్థానమును దృష్టాంతముగా గైకొని, ప్రాతినిధ్యమును కొలుచుటకు మన రసశాస్త్రము ఈయగల కొలమానము నొకదానిని సూచింపదలచితిని.

1. పదవిచారము

‘ప్రతినిధి’ యనగా ఒకదానికి బదులుగా నిలుచునది. యాగమున విహితమైన ద్రవ్యము లభింపనప్పుడు దానికి బదులు గ్రహింపదగిన ద్రవ్యమును మీమాంసకులు ప్రతినిధి యనిరి. సోమలత దొరకనిచో పూతీకము ప్రతినిధి. ప్రతినిధి యగుటకు సాదృశ్యము కావలెను. అయితే అన్నింటికిని ప్రతినిధి లేదు. దేవతకు, అగ్నికి, మంత్రమునకు ప్రతినిధి కుదరదు. ఫలభోక్తయైన యజమానునకును లేడని వారి సామాన్య నిర్ణయము. ఎవరికొరకు కర్మ జరుగుచున్నదో వారి స్థానమున మరొకరిని నిలుపరాదన్న ఈ నియమము నేటి మాధ్యమ విచారమునకును పనికివచ్చునదే.

ఆంగ్లమున ‘రిప్రజెంటేషన్’ అను ఒక్క పదము రెండర్థములను మోయుచున్నది. ఒకటి చిత్రించుట, రెండవది ఒకరి పక్షమున నిలిచి మాటలాడుట. జర్మను భాషలో ఈ రెంటికి వేర్వేరు పదములు కలవు. కార్ల్ మార్క్స్ 1852 నాటి రచనలో ఫ్రెంచి రైతులను గూర్చి వ్రాసిన సందర్భమును గ్రహించి, గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1988లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున ఈ రెండర్థములను కలిపివేయుట వలన గలుగు ప్రమాదమును చూపెను. అణగారిన వారిని చక్కగా చిత్రించినవాడు వారి పక్షమున పలుకుటకు అధికారమును పొందినట్లు భ్రమ కలుగునని ఆ హెచ్చరిక సారాంశము.

తెలుగున మనకు ఈ చిక్కు తక్కువ. చిత్రణము వేరు, ప్రాతినిధ్యము వేరు అని మన వాడుకయే చెప్పుచున్నది. అయినను లోకమున ఈ రెండును కలిసిపోవు సందర్భములు లేకపోలేదు. నందమూరి తారక రామారావు 1957 నాటి ‘మాయాబజార్’ వంటి చిత్రములలో శ్రీకృష్ణుని రూపమున ప్రజల కన్నులకు పరిచితుడై, 1982 మార్చిలో తెలుగుదేశమను రాజకీయపక్షమును స్థాపించి, తెలుగువారి ఆత్మగౌరవమను నినాదముతో 1983 జనవరిలో ముఖ్యమంత్రి యయ్యెను. తెరపై చిత్రించినవాడు సభలో ప్రతినిధి యగుట యిది. ఆ నినాదములోని ‘తెలుగువారు’ ఎవరు, వారి పలుకుబడి ఏది అను ప్రశ్న మాత్రము మిగిలియే యుండెను.

ఇక ‘అస్తిత్వము’. ఈ పదము దార్శనిక పరిభాషలో ఉనికిని చెప్పును. నేటి విమర్శలో “నేనెవరను, మేమెవరము” అను ఎరుకకును దానినే వాడుచున్నారు. ఈ వ్యాసమున ఈ రెండవ అర్థమే గ్రాహ్యము.

2. సిద్ధాంత సంగ్రహము

ఈ విచారమున తొలుత పేర్కొనదగినవాడు అమెరికా పత్రికారచయిత వాల్టర్ లిప్‌మన్. ఇతడు 1922లో ప్రకటించిన ‘పబ్లిక్ ఒపీనియన్’ అను గ్రంథమున ‘స్టీరియోటైప్’ అను ముద్రణాలయపు మాటను మనోవ్యాపారమునకు వర్తింపజేసెను. కూర్చిన అక్షరముల పుటకు అచ్చు తీసి, అందు కరగిన లోహమును పోసి చేసిన పలక స్టీరియోటైప్. ఒకసారి పోతపోసినచో ఎన్ని ప్రతులైనను మార్పు లేక వచ్చును. తెలుగువారు దీనికి ‘మూస’ యను మాటను గ్రహించుట ఎంతయు ఉచితము. లోహమెట్టిదైనను మూసలో పోసినప్పుడు మూస యొక్క ఆకారమునే పొందును గదా. మనుష్యుడు లోకమును పూర్తిగా చూచి తెలిసికొనలేడు కావున ముందుగా ఏర్పడిన మూసలలో చూచునని లిప్‌మన్ అభిప్రాయము. మూస యుండుట దోషము కాదు. ఆ మూసను చేయువారెవరు అన్నది ప్రశ్న.

ఈ ప్రశ్నను శాస్త్రస్థాయికి దెచ్చినవాడు స్టూవర్ట్ హాల్. ఇతడు 1932లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో జన్మించి, 1951లో విద్యార్థిగా ఆక్స్‌ఫర్డు చేరి, పిమ్మట బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమునందలి సమకాలిక సంస్కృతీ అధ్యయన కేంద్రమునకు అధిపతియై, 2014లో మరణించెను. 1997లో తన సంపాదకత్వమున వెలువడిన ‘రిప్రజెంటేషన్’ అను గ్రంథమున ఇతడు మూడు మతములను వేరుపరచెను. లోకమునందు అర్థము ముందే యున్నది, భాష అద్దమువలె దానిని ప్రతిబింబించుననుట ప్రతిబింబవాదము. వక్త ఏమి తలచెనో అదియే అర్థమనుట వక్తృతాత్పర్యవాదము. వస్తువునందును వక్తయందును సిద్ధముగా లేక, సంకేతముల పరస్పర సంబంధము చేత సమాజమున అర్థము నిర్మింపబడుననుట నిర్మాణవాదము. హాల్ మూడవదానిని సమర్థించెను.

ఈ నిర్మాణవాదమునకు మూలము 1916లో మరణానంతరము ప్రకటితమైన ఫెర్డినాండ్ ద సస్యూర్ ఉపన్యాసములు. పదమునకు అర్థము తక్కిన పదములతో గల భేదము చేత సిద్ధించునని ఆతని మతము. బౌద్ధతార్కికుడైన దిఙ్నాగుడు చెప్పిన అపోహవాదము దీనిని స్ఫురింపజేయును. ‘గోవు’ అను శబ్దము గోవు కానివానిని తొలగించుట ద్వారా అర్థమును ఇచ్చునని ఆ వాదము. రెండు మతముల ప్రయోజనములు వేరైనను, భేదమే అర్థమునకు ఆధారమన్న అంశమున వానికి సాదృశ్యము కలదు. మాధ్యమములలో ‘నాగరికుడు’ అను అర్థము సిద్ధింపవలెనన్న ‘మోటువాడు’ ఒకడు పక్కన నిలువవలసి వచ్చుటకు కారణ మిదియే.

దీనికి తోడు ప్రాహా నగర భాషాశాస్త్రజ్ఞులు, ముఖ్యముగా త్రుబెత్స్కోయ్, యాకొబ్సన్ అనువారు, 1930ల నాటికి విశదపరచిన మరొక భావమును గ్రహింపవలెను. జంటగా నుండు రెండు రూపములలో ఒకటి గుర్తు గలదియు, మరొకటి గుర్తు లేనిదియునై యుండును. గుర్తు లేనిది సామాన్యముగా చలామణి యగును. గుర్తు గలది తాను ప్రత్యేకమని ప్రతిసారి చాటుకొనవలసియుండును. రిచర్డ్ డయర్ 1997లో ప్రకటించిన ‘వైట్’ అను గ్రంథమున పాశ్చాత్య చిత్రములలో తెల్లవాడు ‘జాతి’ గలవానివలె కాక కేవలము ‘మనిషి’గా కనిపించుటను విశ్లేషించెను. గుర్తులేనితనమే అధికారము యొక్క లక్షణమని దీనివలన తేలుచున్నది.

చూపుటవలెనే చూపకుండుటయు ప్రాతినిధ్యమున భాగము. జార్జి గెర్బ్‌నర్ 1970లలో దీనిని ‘సాంకేతిక వినాశనము’ అను అర్థమిచ్చు మాటతో వ్యవహరించెను. గే టక్‌మన్ 1978లో స్త్రీల విషయమున ఈ భావమును విస్తరించి, లేకుండ చేయుట, నిందించుట, చులకన చేయుట యని దానికి మూడు తీరులను చెప్పెను.

ఈ మూడు తీరులును తెలుగు సాహిత్య చరిత్రకు తెలియనివి కావు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను ఆక్షేపము పత్రికలలో వెలువడగా, ‘గోలకొండ పత్రిక’ సంపాదకుడు సురవరము ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల రచనలను గూర్చి ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించెను. సిద్ధాంతము పేరు పుట్టుటకు దాదాపు నలువది యేండ్లు ముందుగానే, లేమిని గూర్చిన మాటకు ఉనికిచేత సమాధానము చెప్పిన సందర్భ మిది. నిజాము 1800లో ఈస్టిండియా కంపెనీకి వదలిన జిల్లాలకు ‘దత్తమండలము’లను పేరు నిలువగా, ఆ పేరునందలి పరాధీనతను సహింపక 1928లో నంద్యాలలో జరిగిన సభలో ‘రాయలసీమ’ యను పేరును స్వీకరించుటయు ఇట్టిదే. ఇతరులు పెట్టిన పేరును విడిచి తనకు తాను పేరు పెట్టుకొనుట అస్తిత్వమునకు తొలిమెట్టు.

3. తెలుగు చలనచిత్రము – మాండలికము

ఇక దృష్టాంతమునకు వత్తము. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు మాండలికములను పూర్వ, మధ్య, దక్షిణ, ఉత్తర మండలములని నాలుగుగా విభజించెను. విశాఖ, శ్రీకాకుళ ప్రాంతము పూర్వమండలము, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలు మధ్యమండలము, రాయలసీమయు నెల్లూరు, ప్రకాశము జిల్లాలును దక్షిణమండలము, తెలంగాణము ఉత్తరమండలము. ఆయన సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు తొలి సంపుటము వ్యవసాయ పదములకు సంబంధించినది. రైతు నోటనున్న పదమునకు కోశగౌరవము గల్పించిన ఆ గ్రంథము మన శాఖలలోని పరిశోధకులకు సుపరిచితమే.

భాషాశాస్త్రమునకు నాలుగు మండలములును సమానములు. మాధ్యమమునకు మాత్రము సమానములు కాలేదు. 1932లో వెలువడిన ‘భక్త ప్రహ్లాద’తో మాటలు నేర్చిన తెలుగు చిత్రము మద్రాసున స్థిరపడి పెరిగెను. నిర్మాతలు, సంభాషణ రచయితలు, నాటకరంగమునుండి వచ్చిన నటులు పెక్కురు మధ్యమండలమునకు చెందినవారు. ఆ మండలమునందలి విద్యావంతుల వాడుక పత్రికలకును పాఠ్యపుస్తకములకును ప్రమాణమగుచుండిన కాలమున తెరకును ప్రమాణమయ్యెను. గ్రాంథికమునకు ఎదురుగా జనుల వాడుకకై గిడుగు రామమూర్తి మొదలైనవారు చేసిన పోరాటము ఫలించెను. కాని ఫలించిన వాడుక ఒక మండలపు వాడుక. పూర్వము గ్రాంథికమునకును వాడుకకును ఉండిన ఎక్కువతక్కువలు ఇప్పుడు వాడుకకును వాడుకకును మధ్య నిలిచినవి. కాళోజీ నారాయణరావు జీవితాంతము బడిభాషను, పలుకుబడుల భాషను వేరుచేసి చెప్పుటకు కారణమిదియే. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని 2014 నుండి తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుచున్నారు.

ఇట్లు మధ్యమండలపు పలుకుబడి గుర్తులేనిదై ‘తెలుగు’ అను పేరనే చలామణి యయ్యెను. తక్కినవి ‘యాస’ లయ్యెను. యాస అనునది ఎల్లప్పుడును ఎదుటివానికే యుండునది. తన మాటకు యాస కలదని ఎవరును తలపరు. యాస గల పాత్ర తెరపైకి వచ్చినప్పుడు దానికి లభించిన పని యేది? శ్రీకాకుళపు పలుకు పెక్కుమార్లు పనివాని పాత్రకును విదూషక పాత్రకును దక్కెను. రాయలసీమ పలుకు, 1999 నాటి ‘సమరసింహారెడ్డి’ మొదలుకొని 2002 నాటి ‘ఆది’, ‘ఇంద్ర’ల వరకు వరుసగా వచ్చిన ముఠాకక్షల చిత్రముల మూలమున, కత్తులకును బాంబులకును పర్యాయమయ్యెను. కరవును, వలసను ఎరిగిన సీమ యొక్క కథకు ఆ మూసలో చోటు చాలలేదు. తెలంగాణపు పలుకు హాస్యగానికిని ప్రతినాయకునకును పోయెను. 1985లో టి. కృష్ణ దర్శకత్వమున వచ్చిన ‘ప్రతిఘటన’లో దుష్టరాజకీయ నాయకుని పాత్ర తెలంగాణ యాసలో పలికెను. ఆ పాత్రను ధరించిన కోట శ్రీనివాసరావు కృష్ణాజిల్లా కంకిపాడునకు చెందిన నటుడు. ఆ నటనకు లభించిన ప్రశంస న్యాయమైనదే. అదే చిత్రమున అన్యాయమును ఎదిరించు కథానాయిక అధ్యాపకురాలు. ఆమె పలుకునది శిష్టభాష. ధర్మమునకొక భాష, అధర్మమునకొక భాష యని ఎవరును చెప్పలేదు. వేయిమంది ప్రేక్షకులు ఆ పాఠమును విన్నారు.

4. నాట్యశాస్త్ర దృష్టి

పాత్రల అంతస్తును బట్టి భాషను పంచుట సినిమా కనిపెట్టినది కాదు. భరతుడు భాషావిధానమును చెప్పుచు ఉత్తమ పురుషపాత్రలకు సంస్కృతమును, స్త్రీలకును తదితరులకును ప్రాకృతములను విధించెను. విదూషకుడు బ్రాహ్మణుడైనను ప్రాకృతమే పలుకును. శూద్రకుని ‘మృచ్ఛకటిక’మున రాజశ్యాలకుడైన శకారుడు శకార శబ్దములతో నిండిన తనదైన పలుకుబడితో దుష్టుడును హాస్యాస్పదుడును అగుచున్నాడు. యాస గల హాస్యప్రతినాయకునకు ఇతడే మూలపురుషుడనిన తప్పులేదు.

అయితే ఇచట నిలిచి యోచింపవలసిన విశేషమొకటి కలదు. శకుంతల పలుకునదియు ప్రాకృతమే. శౌరసేని శకుంతల నోట శృంగారమును మోసెను. తండ్రి యింటినుండి వెడలునపుడు కరుణమును మోసెను. నిండుసభలో నిరాకృతయైనపుడు రోషమును మోసెను. అంతస్తున సంస్కృతమునకు తక్కువయైనను రసమున శౌరసేనికి లోటు లేదు. శకారుని పలుకునకు మాత్రము ఆ అధికారము లేదు. ఆ పలుకుతో శృంగారమును ప్రయత్నించినచో శృంగారాభాసమై హాస్యముగా పరిణమించును.

కనుక ఒక పలుకుబడి రంగమునకు వచ్చినదా లేదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. వచ్చిన పలుకుబడికి ఏ రసములయందు అధికారము గలదు అన్నది ముఖ్యప్రశ్న. దీనిని ‘రసాధికారము’ అనవచ్చును. ఒక భాషలో ప్రేమించుటకు, ఏడ్చుటకు, ప్రార్థించుటకు, న్యాయము చెప్పుటకు వీలు గలిగినప్పుడే ఆ భాష గల మనిషి తెరపై సంపూర్ణుడగుచున్నాడు. నవ్వించుటకును భయపెట్టుటకును మాత్రమే పిలువబడిన భాష ఎన్ని చిత్రములలో వినవచ్చినను ప్రాతినిధ్యమును పొందినది కాదు. లెక్కలకు అందని లోటిది.

ఈ కొలమానముతో చూచినచో గురజాడ ‘కన్యాశుల్కము’ యొక్క గొప్పతనము మరొక కోణమున తెలియును. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో పునారచితమైన ఆ నాటకమున ప్రతిపాత్రకును తనదైన పలుకుబడి కలదు. వైదికునిది ఒకటి, వేశ్యది ఒకటి, ఇంగ్లీషు చదివిన గిరీశముది ఒకటి. అందరికిని యాస యున్నచోట యాస యొకరికి మచ్చ కాజాలదు. మధురవాణి మాట నవ్వించును, నొప్పించును, ఆలోచింపజేయును.

తెలంగాణపు పలుకునకు తెరపై రసాధికారము ఎట్లు విస్తరించెనో ఇప్పుడు గమనింతము. 1980లో విడుదలయైన గౌతమ్ ఘోష్ ‘మా భూమి’, 1988 నాటి బి. నరసింగరావు ‘దాసి’ ఈ పలుకుతో దైన్యమును, ఆగ్రహమును గంభీరముగా వినిపించినవి. అవి సాధారణ వాణిజ్య చిత్రముల బాటకు వెలుపలివి. 1997లో దాసరి నారాయణరావు ‘ఒసేయ్ రాములమ్మ’లో కథానాయికయే ఈ పలుకుతో వీరరౌద్రములను పోషించెను. ‘ప్రతిఘటన’లో శిష్టభాష పలికిన విజయశాంతియే ఆ పాత్రధారిణి యగుట గమనింపదగినది. పండ్రెండేండ్లలో నటి మారలేదు; ఆమె ధర్మాగ్రహమునకు అనుమతింపబడిన భాష మారెను. 2017 నాటి శేఖర్ కమ్ముల ‘ఫిదా’లో బాన్సువాడ పిల్ల ఆ పలుకుతోనే ప్రేమించెను, అలిగెను, తన ఊరిని విడువనని పట్టుబట్టెను. శృంగారనాయిక స్థానమది. 2023లో వేణు ఎల్దండి ‘బలగం’ ఒక ముదుసలి మరణమును, పిండమును ముట్టని కాకిని, విడిపోయిన తోబుట్టువులను ఆధారముగా గొని కరుణరసమును ఈ పలుకున నింపెను. తెలంగాణ పల్లెలలో తెరలు కట్టి ఊరంతయు కూడి ఆ చిత్రమును చూచిరి. చిత్రాంతమున బుడిగజంగాల కళాకారులు పాడిన పాటకు జనులు ఏడ్చిన ఏడుపు ఆ భాష హాస్యమునకే తగునను మాటకు తిరుగులేని సమాధానము. ఇట్లే 2020 నాటి ‘పలాస 1978’ శ్రీకాకుళపు పలుకునకు విదూషకత్వమును దాటిన స్థానమును గల్పించెను.

5. సామాజికుడు

అర్థము కవియందే ముగియదని రసవాదులు చెప్పిరి. రసమునకు ఆశ్రయము సామాజికుడు. హాల్ 1973లో వ్రాసిన వ్యాసమున టెలివిజన్ విషయమై ఇట్టి మార్పునే ప్రతిపాదించెను. కార్యక్రమమును రూపొందించువారు ఒక అర్థమును సంకేతములలో పొదుగుదురు. చూచువారు దానిని విప్పుదురు. విప్పుట మూడు విధములు. చెప్పినది చెప్పినట్లు గ్రహించుట ఒకటి. సామాన్యముగా ఒప్పుకొని తన అనుభవమునకు తగినట్లు సవరించుకొనుట రెండవది. మొత్తమును ఎదిరించి చదువుట మూడవది.

దశాబ్దముల తరబడి తెలంగాణ ప్రేక్షకుడు నాయకుని శౌర్యమునకు ఈల వేసి, తన యాస పలుకు విదూషకుని చూచి నవ్వియు నవ్వకయు కూర్చుండెను. ఇది రెండవ విధము. ప్రత్యేక రాష్ట్రోద్యమ కాలమున ఆ చిత్రణమును సభలలోను పత్రికలలోను బహిరంగముగా నిరసించిరి. ఇది మూడవ విధము. చిత్రములు మారకముందే చూపు మారెను. చూపు మారుటచేత చిత్రములును మారవలసి వచ్చెను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడుటకు రాజకీయ, ఆర్థిక కారణము లెన్నియో కలవు. భాషావమాన స్మృతి వానిలో నొకటి యనుట అతిశయోక్తి కాదు.

అన్నింటికంటె ఆలోచింపవలసినది మొదటి విధము. తన యింటి మాటను నవ్వుబాటుగా చూపగా చూచి, అది నవ్వుబాటే యని నమ్మిన బాలుని స్థితి యది. అట్టి బాలుడు తరగతిలో లేచి సమాధానము చెప్పుటకు జంకును. అమ్మతో ఒక భాష, అయ్యవారితో ఒక భాష మాటలాడుట అందరికిని ఉన్నదే. కాని మొదటిదానిని దాచుకొనవలసిన వస్తువుగా తలచుట వేరు. సినిమా నేర్పిన ఈ పాఠమును పాఠశాల ఖండింపనిచో, దానిని ఆమోదించినట్లే యగును.

6. అస్తిత్వము – క్రొత్త మూస

ఇచట ఆక్షేపము నొకదానిని పరిశీలింపవలెను. పాత మూస తొలగి క్రొత్త గౌరవము వచ్చినది గదా, ఇక విచారమేల యని అడుగవచ్చును. హాల్ 1990లో వ్రాసిన మరొక వ్యాసము దీనికి సమాధానమిచ్చును. సాంస్కృతికాస్తిత్వమును రెండు విధముల భావింపవచ్చునని ఆయన చెప్పెను. అందరికిని ఉమ్మడిగా, లోపల దాగియున్న మార్పులేని స్వరూపమనుట ఒకటి. చరిత్రచే మలచబడుచు, ఎప్పటికప్పుడు ఏర్పడుచుండునదనుట రెండవది. మొదటి భావము పోరాటమునకు బలమునిచ్చును. దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. అయినను దానియందే నిలిచిపోయినచో సముదాయములోని భేదములు మరుగుపడును.

తెరపై ‘తెలంగాణ యాస’ యని వినబడునది యొకటే. కరీంనగరము, పాలమూరు, ఖమ్మము, ఆదిలాబాదు పలుకుబడులు వేర్వేరు. ఆ నేలపైననే గోండి, కోయ, కొలామి మొదలగు భాషలు మాటలాడువారు కలరు. వారి మాట వినవచ్చుట అరుదు. కులమును బట్టి, స్త్రీపురుష భేదమును బట్టి పలుకుబడి మారును. ఒక మూసను పగులగొట్టి మరొక మూసను పోతపోయుట ప్రాతినిధ్యము కాజాలదు. కల్లు, మటన్, పెండ్లిడప్పు, నాలుగు ఊతపదములు కూర్చినంతనే తెలంగాణ జీవితమైనదని తలచు చిత్రములు ఇటీవల తక్కువ లేవు. ప్రశంసాపూర్వకమైనను మూస మూసయే.

టెలివిజన్‌లోను ఇట్టి పరిమితియే కానవచ్చును. మాండలికమున వార్తలు చెప్పు కార్యక్రమములు ప్రజాదరణను పొందినవి. అది మేలే. కాని వానిలో పెక్కింటికి వ్యంగ్యము, వినోదము ప్రధానము. శాసనసభ తీర్మానమును, న్యాయస్థానపు తీర్పును గంభీరముగా చదువునపుడు పలుకుబడి మరల శిష్టభాషకే చేరుట సామాన్యము. రసాధికారము ఇంకను పూర్తి కాలేదని దీనివలన తెలియుచున్నది.

7. పరిశోధకులకు

ఈ విషయమున పరిశోధింపదలచువారు సాధారణముగా లెక్కతో మొదలిడుదురు. ఇన్ని చిత్రములలో ఇన్ని పాత్రలు మాండలికము పలికినవని పట్టికలు వేయుదురు. లెక్క ఆవశ్యకమే, చాలదు. దానితోపాటు నాలుగు ప్రశ్నలను వేసికొనవలెను. మొదటిది: ఈ పలుకుబడి గలవాడు కథలో ఎచట నున్నాడు? కథ చెప్పువాడా, కథలో చెప్పబడువాడా? రెండవది: అతని భాషకు అప్పగింపబడిన వాగ్వ్యాపారము లేవి? ఆజ్ఞాపించునా, బ్రతిమాలునా, తిట్టునా, ప్రేమించునా, తీర్పు చెప్పునా? మూడవది: ఆ భాష ఏ రసములకు అంగి, ఏ రసములకు అంగము, వేనికి నిషిద్ధము? నాల్గవది: ఆ పలుకుబడి గల సామాజికులు దానిని ఎట్లు గ్రహించిరి? ఈ నాల్గవదానికి గ్రంథాలయము చాలదు, ఊళ్లకు పోవలెను.

ఈ పద్ధతి మాండలికములకే పరిమితము కాదు. స్త్రీపాత్రలకు, దళితపాత్రలకు, ముస్లిముపాత్రలకు, వికలాంగులకు దీనిని వర్తింపజేయవచ్చును. ఎవరికి ఏ రసము నిషిద్ధమో చూచినచో, ఆ సమాజము వారిని ఎంతవరకు మనుష్యులుగా అంగీకరించినదో తెలియును. మన శాఖలలో రసశాస్త్రమును ప్రాచీనకావ్యములకును, మాధ్యమవిమర్శను పాశ్చాత్య గ్రంథములకును వదలి, ఈ రెంటిని వేర్వేరు గదులలో నుంచుట జరుగుచున్నది. తలుపు తెరచినచో రెంటికిని లాభము.

మీమాంసకుల నియమమును మరల స్మరింతము. ఫలభోక్తయైన యజమానునకు ప్రతినిధి లేడు. ద్రవ్యమునకు బదులు ద్రవ్యము దొరకును. ఒక సముదాయము తన సుఖదుఃఖములను తన నోట చెప్పుకొనుటకు మాత్రము బదులు లేదు. ఇతరులు ఆదరముతో చిత్రింపవచ్చును, అది చిత్రణము. తమ పలుకుబడిలో, అన్ని రసములతో, తామే చెప్పుకొనగలిగిననాడు అది ప్రాతినిధ్యము. మన తరగతి గదులలో ఏ మూలనుండి వచ్చిన విద్యార్థియైనను తన యింటి మాటతో గంభీరమైన ప్రశ్న నడిగినప్పుడు ఎవరును నవ్వకుండుట ఆ దిశగా మనము వేయగల తొలి యడుగు.